వ్యాపారానికి ఫోన్ ఎంపిక – పాఠం 2: ఈ ఫోన్ ఎన్నేళ్లు పనిచేస్తుంది?

మొదటి పాఠంలో వారం రోజుల చిట్టా రాయమన్నాం. రోజుకు ఎన్ని కాల్స్, ఏయే యాప్‌లు, ఎన్ని ఫొటోలు, పొద్దున నిండుగా ఉన్న బ్యాటరీ పని ముగిసేసరికి ఎంత మిగిలింది, ఇవన్నీ అందులో ఉండాలి. ఈ పాఠంలోని లెక్కలు ఆ చిట్టా మీదే నడుస్తాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టుకుని చదవండి. ఇంకా రాయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి.

అప్‌డేట్ల గడువు

ఫోన్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని. వ్యాపారానికి కొనేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది, ఆ మోడల్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం ఏ నెల దాకా వస్తాయన్నది. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాలను గూగుల్ 2015 నుంచి బహిరంగంగా ప్రకటిస్తూ వస్తోంది. గడువు తీరిన ఫోన్‌లో ఆ లోపాలు అలాగే ఉండిపోతాయి, వాటికి విరుగుడు రాదు. తలుపు గడియ ఊడిందని ఊరంతా చాటింపు వేసి, గడియ మాత్రం బిగించనట్టు. బ్యాంకు యాప్, కస్టమర్ల నంబర్లు, ఓటీపీలు ఒకేచోట ఉండే ఫోన్‌కు ఇది చిన్న విషయం కాదు. పైగా కొన్నాళ్లకు బ్యాంకు యాప్‌లే పాత ఆండ్రాయిడ్‌లో తెరుచుకోవడం మానేస్తాయి. ఫోన్ చూడటానికి బాగానే ఉంటుంది, దానితో జరగాల్సిన పని ఆగిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గర. కంపెనీ ఇచ్చిన గడువు సాధారణంగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. గూగుల్ పిక్సెల్ 8 వచ్చింది 2023 అక్టోబరులో, దానికి 7 ఏళ్లు అన్నారు, అంటే 2030 అక్టోబరు దాకా. మూడేళ్ల తర్వాత అదే ఫోన్‌ను సీల్ తీయని డబ్బాలో కొన్నా మీకు దక్కేది నాలుగేళ్లే. శాంసంగ్ కూడా 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 వరస నుంచి 7 ఏళ్ల మాట ఇచ్చింది. తక్కువ ధర మోడళ్లలో ఈ గడువు బాగా తగ్గుతుంది. ఒకే కంపెనీలో రెండు మోడళ్ల మధ్య కూడా చాలా తేడా ఉంటుంది కనుక కంపెనీ పేరు చూసి ఊరుకోవద్దు.

ఇంకో మెలిక ఉంది. "నాలుగు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు" అన్నది వేరు, "నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు" అన్నది వేరు. మొదటిది కొత్త వెర్షన్ల సంఖ్య, రెండోది కాలం. మీకు కావాల్సింది రెండోది. అది నెలనెలా వస్తుందా, మూడు నెలలకోసారా అన్నది కూడా అడగండి.

చేతిలో ఉన్న ఫోన్‌లో ఇలా చూడండి. సెట్టింగ్స్ తెరిచి, ఫోన్ గురించి ఉండే విభాగంలో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. దుకాణంలో చూపించే ఫోన్‌లో అది పాతదిగా ఉంటే వెంటనే తప్పుపట్టకండి, ఎవరూ అప్‌డేట్ చేసి ఉండకపోవచ్చు. వైఫైకి కలిపి అప్‌డేట్ కోసం వెతికించండి. అప్పుడు కూడా తేదీ ఆరు నెలల వెనకే ఉంటే ఆ మోడల్‌ను పక్కన పెట్టవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. ధరను, మిగిలిన అప్‌డేట్ నెలలతో భాగించండి. ఒక ఫోన్ ధర 100 పాళ్లు (భాగాలు) అనుకుందాం, గడువు 24 నెలలే మిగిలింది. ఇంకోదాని ధర 160 పాళ్లు, గడువు 60 నెలలు. మొదటిది నెలకు 4.2 పాళ్లు పడుతుంది, రెండోది 2.7. చవకనుకున్నదే ఖరీదైంది. అయితే ఈ లెక్క ఇంకా పూర్తికాలేదు, దీనికి బ్యాటరీ కలపాలి.

బ్యాటరీ ముందే అలిసిపోతుంది

ఫోన్ బ్యాటరీ వయసును సైకిళ్లలో కొలుస్తారు. ఒక సైకిల్ అంటే మొత్తం కలిపి వంద శాతం వాడకం. ఇవాళ 50, రేపు 50 వాడితే రెండు రోజులకు ఒక సైకిల్. ఎన్నిసార్లు ఛార్జర్ గుచ్చారన్నది లెక్కలోకి రాదు. సామర్థ్యం 80 శాతానికి పడిపోయేసరికి ఎన్ని సైకిళ్లు గడుస్తాయన్నది కంపెనీలు చెప్పే అంకె. ఐఫోన్ 14 వరకు అది 500 అనీ, ఐఫోన్ 15 నుంచి 1000 అనీ ఆపిల్ చెబుతోంది. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి తన మార్కెట్లోకి కొత్తగా వచ్చే ఫోన్లకు కనీసం 800 సైకిళ్లు ఉండాలని నియమం పెట్టింది. అక్కడి లేబుల్ మీద సైకిళ్ల సంఖ్య, కిందపడితే తట్టుకునే తరగతి, రిపేరుకు ఎంత అనువో చెప్పే తరగతి ముద్రిస్తారు. మీరు ఎక్కడున్నా ఆ మోడల్ లేబుల్‌ను వెతికి చదువుకోవచ్చు. కాకపోతే మోడల్ నంబరు చివరి అక్షరాల దాకా సరిపోవాలి. ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో అమ్మే ఫోన్లలో బ్యాటరీలు వేరుగా ఉండే సందర్భాలున్నాయి.

చిట్టా తీయండి. మీ వాడకం రోజుకు 60 శాతం అనుకుందాం. 500 సైకిళ్ల బ్యాటరీ 833 రోజులు, అంటే రెండేళ్ల మూడు నెలలు వస్తుంది. 800 అయితే 1,333 రోజులు, మూడేళ్ల ఎనిమిది నెలలు. రోజంతా డెలివరీ మ్యాప్ నడిపేవాళ్లు మధ్యలో ఛార్జ్ చేసుకుంటూ రోజుకు 100 శాతం వాడేస్తారు. వాళ్ల 500 సైకిళ్లు 16 నెలలకే అయిపోతాయి. అప్పటికి 7 ఏళ్ల అప్‌డేట్లలో అయిదున్నరేళ్లకు పైగా మిగిలే ఉంటుంది.

కాబట్టి ఎక్కువకాలం అప్‌డేట్లు ఉన్న ఫోన్ కొంటే, మధ్యలో ఒకటి రెండుసార్లు బ్యాటరీ మార్పించడం ఖాయమనుకోండి. కంపెనీ సర్వీసు కేంద్రంలో దానికి ఎంతవుతుందో, ఎన్ని రోజులు ఉంచుకుంటారో కొనకముందే అడిగి, ఆ ఖర్చును ధరకు కలిపి మళ్లీ నెలలతో భాగించండి. పైన 160 పాళ్ల ఫోన్‌కు 15 పాళ్ల బ్యాటరీ కలిపితే 175. నెలకు 2.9 పాళ్లు. ఇప్పటికీ అదే నయం.

రోజువారీ సరిపోతుందా అన్నదానికి మేం వాడే కొలత ఇది: కొత్త ఫోన్‌లో పని ముగిసేసరికి కనీసం 40 శాతం మిగలాలి. అంటే వాడకం 60. సామర్థ్యం 80కి పడినప్పుడు అదే పనికి బ్యాటరీలో 75 శాతం ఖర్చవుతుంది, ఇంకా 25 మిగులుతుంది. కొత్తలోనే 15 మిగిలే ఫోన్ అయితే వాడకం 85. అది 80 శాతం సామర్థ్యానికి చేరాక రోజు ముగియకముందే ఆరిపోతుంది.

బ్యాటరీని అన్నింటికన్నా వేగంగా దెబ్బతీసేది వేడి. బండి అద్దం వెనక ఎండలో మ్యాప్ నడుపుతూ, అదే సమయంలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టడం దానికి పెట్టగలిగిన పెద్ద శిక్ష. అలాంటి పని తప్పదంటే స్టాండును ఏసీ గాలి తగిలేచోట బిగించి, ఫాస్ట్ ఛార్జింగ్‌ను సెట్టింగ్స్‌లో ఆపేయండి.

రెండు సిమ్‌లు, ఒక కాల్

వ్యాపార నంబరు, సొంత నంబరు ఒకే ఫోన్‌లో పెట్టుకోవాలనుకునేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది అందుబాటులో లేదని వస్తుంది. ఇంట్లోవాళ్లతో పది నిమిషాలు మాట్లాడినంతసేపూ కస్టమర్‌కు మీరు స్విచ్ఛాఫ్ చేసినట్టే. కొన్ని మోడళ్లు మాట్లాడుతున్న సిమ్ డేటా మీదుగా రెండో సిమ్ కాల్‌ను కూడా అందుకుంటాయి. ఆ వసతి ఉందో లేదో దుకాణంలోనే రెండు సిమ్‌లు వేసి, మూడో ఫోన్‌తో పరీక్షించండి.

లేకపోతే ఆపరేటర్ దగ్గరే దారి ఉంది. చాలా ఆపరేటర్లలో, వ్యాపార సిమ్ నుంచి **62* నొక్కి, సొంత నంబరు కొట్టి, చివర # పెట్టి డయల్ చేస్తే, వ్యాపార నంబరు అందుబాటులో లేనప్పుడు వచ్చే కాల్స్ సొంత నంబరుకు మళ్లుతాయి. సొంత సిమ్‌లో కాల్ వెయిటింగ్ ఆన్ చేసి ఉండాలి, లేదంటే బిజీ అనే వస్తుంది. తీసేయాలంటే ##62#. మళ్లించిన కాల్‌కు ఛార్జీ పడుతుందేమో ఆపరేటర్‌ను అడగండి. ఇలాంటి కోడ్‌ను ఎవరో ఫోన్ చేసి నొక్కమంటే మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకండి. మీ కాల్స్, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి.

సిమ్ ట్రే బయటికి లాగి చూడండి. హైబ్రిడ్ ట్రే అయితే రెండో సిమ్‌కూ మెమరీ కార్డుకూ ఒకటే చోటు, రెండింటిలో ఒకటే పెట్టగలరు. ఈ-సిమ్ (ఫోన్ లోపలే అమర్చి ఉండే సిమ్) ఉన్న ఫోన్‌లో ఆ ఇబ్బంది తగ్గుతుంది. దొంగ దాన్ని పీకి పారేయలేడు కూడా. కానీ ఫోన్ పగిలిన రోజున ఈ-సిమ్‌ను ఊడదీసి ఇంకో ఫోన్‌లో వేసుకోవడం కుదరదు, ఆపరేటర్ పద్ధతి ప్రకారం మళ్లీ తెచ్చుకోవాలి. అందుకే వ్యాపార నంబరు మామూలు సిమ్‌లో, సొంతది ఈ-సిమ్‌లో ఉంటే మేలని మా సలహా. మామూలు సిమ్‌కు సిమ్ పిన్ (సిమ్‌కు తాళంలా పనిచేసే అంకెల కోడ్) పెట్టండి, అప్పుడు దొంగ దాన్ని వేరే ఫోన్‌లో వేసినా ఓటీపీలు అందుకోలేడు. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి 8 అంకెల పీయూకే (ఆ లాక్ తీయడానికి ఆపరేటర్ ఇచ్చే కోడ్) అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. పీయూకేను కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా దాచండి.

వోల్టీఈ, అంటే 4జీ మీదుగానే కాల్స్ నడిచే వసతి, సంగతి ఒక్క ముక్కలో: మీ సిమ్‌తో కాల్ చేసి మాట్లాడుతుండగా పైన 4జీ లేదా 5జీ గుర్తు నిలవాలి. అది 3జీకో 2జీకో జారితే ఆ ఫోన్‌లో మీ ఆపరేటర్ వోల్టీఈ నడవడం లేదు. వేరే దేశం నుంచి తెచ్చిన ఫోన్లలో ఇది మామూలే. పాత నెట్‌వర్క్‌లు మూసేసిన రోజున అలాంటి ఫోన్‌కు కాల్స్ రావు.

స్టోరేజీ, నీరు

ర్యామ్ 8 జీబీ ఉంటే వ్యాపారపు పనులకు సరిపోతుంది. "8 ప్లస్ 8" అని రాసి ఉంటే రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అప్పు తెచ్చినది, నెమ్మదిగా ఉంటుంది. స్టోరేజీని మీ చిట్టాతోనే తేల్చండి. రోజుకు 40 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ, ఏడాదిలో 300 పనిదినాలు అయితే 48 జీబీ. 128 జీబీ ఫోన్‌లో సిస్టమ్, యాప్‌లు పోను దాదాపు 100 మిగిలినా రెండేళ్లకు నిండుతుంది. నిండేకొద్దీ ఫోన్ మందగిస్తుంది. ఇలాంటి వాడకానికి 256 తీసుకోండి.

ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని. ఆ పరీక్ష మంచినీటిలో, కొత్త ఫోన్‌తో చేస్తారు. లోపలి సీలు కాలంతో పాటు వదులవుతుంది, బ్యాటరీ మార్చడానికి ఫోన్ తెరిస్తే దాన్ని కొత్తగా వేయాలి. ఆ సీలు వేయని చోట బ్యాటరీ మార్పిస్తే ఆ తర్వాత ఐపీ67 అన్న మాటను మరిచిపోవాల్సిందే. పైన అడగమన్న బ్యాటరీ ఖర్చులో సీలు కూడా కలిసి ఉందో లేదో అడగండి.

ఈ వారం పని

మూడు మోడళ్లు ఎంచుకోండి. ఒక్కోదానికి ధర, మార్కెట్లోకి వచ్చిన నెల, అప్‌డేట్లు ముగిసే నెల, మీ వాడకంతో బ్యాటరీ 80 శాతానికి చేరే నెల, బ్యాటరీ మార్పు ఖర్చు, చివరగా నెలకు పడే మొత్తం రాయండి. ఏ అంకె అయినా దొరకకపోతే ఖాళీ వదిలి, దుకాణంలో అదే అడగండి. సమాధానం రాని మోడల్‌ను జాబితాలోంచి కొట్టేయండి.

కొనేటప్పుడు *#06# నొక్కి, తెర మీద వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరును (ఫోన్ గుర్తింపు సంఖ్య) డబ్బాతోనూ బిల్లుతోనూ సరిచూడండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండు నంబర్లు వస్తాయి, రెండింటినీ మీ చిట్టాలో రాసుకోండి. ఫోన్ పోతే ఫిర్యాదుకు అవే ఆధారం. పాత ఫోన్ కొంటుంటే అమ్మేవాళ్ల ఎదుటే, వాళ్ల ఖాతాను సెట్టింగ్స్‌లోంచి తొలగించాకే రీసెట్ చేయించండి. ఖాతా ఉండగా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ ఆ ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది, మీకు అది దారికి రాదు.

పాఠం 3లో, కొన్న ఫోన్‌లో వ్యాపారపు యాప్‌లను సొంతవాటి నుంచి వేరుచేసే వర్క్ ప్రొఫైల్ గురించి, ఫోన్ పోయిన మొదటి గంటలో చేయాల్సిన పనుల గురించి నేర్చుకుందాం. రాసుకున్న రెండు ఐఎంఈఐ నంబర్లు, పీయూకే అప్పుడు అవసరమవుతాయి.