బ్యాండ్ బావి దగ్గరే ఇరుక్కుపోతుంటే: నా అనుభవం

పనిచేస్తున్నది ఓఆర్7డీ4 మీద. మగ పందుల్లో ఉండే ఆండ్రోస్టెనోన్ వాసన పట్టే మానవ రిసెప్టర్ (గ్రాహక ప్రొటీన్) అది. ల్యాబ్‌లో పెంచే హెక్ 293 మానవ కణాల్లో దాన్ని తయారుచేయించి, కొన్న యాంటీబాడీతో (ఫలానా ప్రొటీన్‌కి అంటుకునే అణువు) వెస్టర్న్ బ్లాట్ చేశాను, అంటే ప్రొటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో వెతికాను. 35 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) చుట్టుపక్కల రావాల్సిన బ్యాండ్, అంటే గీత, లేదు. పైన బావి (జెల్‌లో శాంపిల్ పోసే గుంట) అంచున మాత్రం నల్లటి మరక.

యాంటీబాడీ పలుచన మార్చినా లాభం లేకపోయింది. చిక్కంతా శాంపిల్‌ని 95 డిగ్రీల్లో మరిగించే మామూలు పద్ధతిలోనే ఉంది. కణపొరను ఏడుసార్లు దాటే ఈ ప్రొటీన్లు ఆ వేడికి ఉండకట్టిన ఉప్మాలా ముద్దయిపోయి జెల్‌లోకి దిగవు. 37 డిగ్రీల్లో అరగంట ఉంచి నడిపితే బ్యాండ్ కిందికి దిగింది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. మనుషుల్లో పనిచేసే వాసన రిసెప్టర్లు 400 దాకా ఉన్నాయి, చాలావాటికి దగ్గరి పోలికలు. పక్క లేన్‌లో (జెల్‌లో పక్క వరుసలో) ఖాళీ వెక్టర్ కణాలు, అంటే రిసెప్టర్ జన్యువు లేని డీఎన్‌ఏ మాత్రమే ఎక్కించినవి, పెడితే అక్కడా సన్నటి గీత! అందుకని రిసెప్టర్ ముందు రోడాప్సిన్ (కంట్లో వెలుతురు పట్టే ప్రొటీన్) తొలి 20 అమైనో ఆమ్లాలను గుర్తుగా, అంటే ట్యాగ్‌గా తగిలించి, ట్యాగ్‌ని పట్టే యాంటీబాడీతోనూ చూశాను. రెండు యాంటీబాడీలతోనూ కనబడి, ఖాళీ కణాల్లో కనబడనిదే అసలు బ్యాండ్. యాంటీబాడీతో వచ్చిన డేటాషీట్‌లోని అందమైన బొమ్మలో ఆ ఖాళీ లేన్ లేనే లేదు, కొనేముందు చూసుకోండి.

రిసెప్టర్‌ని కణం ఉపరితలం మీద చూడాలనుకుంటే ఆర్‌టీపీ1ఎస్ (రిసెప్టర్‌ని పైకి చేర్చే సహాయక ప్రొటీన్) ప్లాస్మిడ్, అంటే దాని జన్యువున్న డీఎన్‌ఏ, కూడా కలపండి. లేకపోతే రిసెప్టర్ చాలావరకు లోపలే ఉండిపోతుంది.