బడి రోజుల క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం ఎలా?

అటక మీది అట్టపెట్టెలో పాత క్యాసెట్లు దొరికితే అందరూ ముందు సినిమా పేర్లు చూస్తారు. నేనైతే పేరు రాయనివే ముందు పక్కకు తీస్తాను. సినిమా పాటలు ఫోన్లో ఎలాగూ వస్తాయి. రికార్డింగ్ సెంటర్లో చీటీ రాసిచ్చి మన వరసలో నింపించుకున్న పాటలు, రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న సంక్షిప్త శబ్దచిత్రం (సినిమాను కుదించి రేడియోలో వినిపించే కార్యక్రమం), బడి వార్షికోత్సవంలో అట్టగద పట్టుకుని మన క్లాసువాడు చేసిన దుర్యోధన ఏకపాత్రాభినయం మాత్రం ఇంకెక్కడా దొరకవు. ‘దాన వీర శూర కర్ణ’ వచ్చింది 1977లో. మేం బడికి వెళ్లేనాటికి అది పాత సినిమానే. అయినా ఆ డైలాగులు లేకుండా వార్షికోత్సవం ముగిసేది కాదు.

ముందు క్యాసెట్‌ను చూడండి

కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? అది ఫంగస్. అలాంటిదాన్ని ప్లేయర్లో పెట్టకండి, రీలును తాకి శబ్దాన్ని చదివే హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. రీలు వదులుగా ఉంటే పెన్సిల్ దూర్చి తిప్పి బిగించండి. రీలు బయటకు కనిపించే చోట స్ప్రింగు మీద చిన్న మెత్త ఉంటుంది, అది ఊడిపోతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మరలున్న క్యాసెట్ అయితే విప్పి, రీళ్లను మంచి డబ్బాలోకి మార్చవచ్చు. అతికించిన రకమైతే రిపేరు తెలిసినవాళ్లకివ్వడం మేలు.

వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాతది చెరగదు. ఆ కన్నాల మీద టేపు అతికించి ఉంటే పీకేయండి. నాన్నగారి భక్తిగీతాల మీద క్రికెట్ కామెంటరీ ఎక్కింది ఎన్నో ఇళ్లలో ఈ కిటుకుతోనే!

ప్లేయర్, వైరు

ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి హెడ్‌ను తుడవండి. గోధుమరంగు మడ్డి వస్తుంది. బడ్ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడిచి, ఆరనివ్వండి. పాట సాగదీసినట్టు వస్తుంటే లోపలి రబ్బరు బెల్టు వదులైందేమో చూడాలి.

ప్లేయర్‌కి లైన్ అవుట్ (శబ్దాన్ని బయటకు పంపే రంధ్రం) ఉంటే అదే వాడండి, లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం చాలు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది మైక్ రంధ్రమే, అందులోకి పంపితే శబ్దం పగులుతుంది, స్టీరియో కూడా పోతుంది. లైన్ ఇన్ (ఆ శబ్దాన్ని అందుకునే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి.

రికార్డింగ్

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 44,100 హెర్ట్జ్, స్టీరియో పెట్టండి. బాగా గట్టిగా ఉన్న చోట ఒకసారి వినిపించి, మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా వాల్యూమ్ సర్దండి. క్యాసెట్‌ను ముందుకు చివరిదాకా ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పాక మొదలుపెడితే అతుక్కున్న చుట్లు విడతాయి. ఇక్కడ తొందరేమీ కుదరదు: 60 నిమిషాల క్యాసెట్‌కి గంట పడుతుంది, ఒక్కో వైపు అరగంట. పక్కనే ఉండండి, రీలు చుట్టుకుందంటే వెంటనే ఆపాలి.

శుభ్రం చేయడంలో పిసినారితనం

నన్నడిగితే చాలామంది చెడగొట్టేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్లో నాయిస్ రిడక్షన్ ఉంది కదా అని మొత్తం లాగేస్తారు. బుస్సుమనే చప్పుడుతోపాటు చప్పట్ల పదునూ, గొంతుల జీవమూ పోతాయి. పాటకీ పాటకీ మధ్య షాపతను తన షాపు పేరు చెప్పుకోవడం, మైకులో సారు ‘కూర్చోండర్రా’ అని గద్దించడం, వెనక ఎవరో పిల్లాడు ఈల వేయడం... ఇవన్నీ చెత్త అనుకుని కత్తిరించకండి. అసలు సరుకు అదే. మరీ భరించలేకపోతే విడిగా ఒక నకలు తీసుకుని, దాని మీద కొద్దిగా వాడండి.

ఏమీ ముట్టుకోని మూలప్రతిని నాణ్యత తగ్గని వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా దాచండి. వేవ్ అయితే అరగంటకు సుమారు 300 ఎంబీ అవుతుంది. పంచుకోవడానికి ఎంపీ3 చాలు. ఫైలు పేరులో ఊరు, బడి, సంవత్సరం రాయండి, సంవత్సరం గుర్తు లేకపోతే తరగతి. రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. క్యాసెట్‌నూ పారేయకండి, స్పీకర్లకు దూరంగా నిలువుగా పెట్టండి.

స్కూల్ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఆ దుర్యోధనుణ్ని ఒకమాట అడగండి. ఇప్పుడు ఏ ఆఫీసులో పెద్దసారై కూర్చున్నాడో!