చివితావెక్కియాలో షిప్ దిగి, సొంతంగా రోమ్ చూసి రావడం

క్రూజ్ టికెట్ మీద "రోమ్" అనే రాసి ఉంటుంది కానీ, షిప్ ఆగేది రోమ్‌లో కాదు. రోమ్‌కి వాయవ్యంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న చివితావెక్కియా అనే ఊళ్ళో. రోమన్ చక్రవర్తి ట్రాజన్ రెండో శతాబ్దం మొదట్లో కట్టించిన రేవు అది. ఆ 80 కిలోమీటర్లు దాటించడానికి షిప్ వాళ్ళు రకరకాల టూర్లు అమ్ముతారు. గైడ్ కూడా లేకుండా ఊరికే బస్సులో తీసుకెళ్ళి దింపి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకొచ్చే టూర్‌కి మా షిప్‌లో ఒక్క మనిషికి ఎంత అడిగారో, అంతలో మేం నలుగురం రైల్లో వెళ్ళివచ్చి మధ్యాహ్నం భోజనం కూడా చేశాం. టాక్సీ సంగతి చెప్పక్కర్లేదు, ఒకవైపుకే వంద యూరోలు దాటిపోతుంది. పైగా రోమ్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఎప్పటికి బయటపడతామో తెలియదు.

నాతో మా ఆయన, పద్నాలుగేళ్ళ మా అబ్బాయి, డెబ్బై దాటిన మా అత్తయ్యగారు ఉన్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. అందుకని నేను చెప్పేది పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని నిదానంగా వెళ్ళిరాగలిగే దారి. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ చూడొచ్చు.

ముందు తిరుగు ప్రయాణం ఖాయం చేసుకోండి

పొద్దున ఎన్నింటికి దిగాలన్నది తర్వాత చూద్దాం, ముందు సాయంత్రం నుంచి వెనక్కి లెక్క వేయండి. షిప్ వాళ్ళ టూర్ బస్సు ఆలస్యమైతే షిప్ దానికోసం ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. మనం ఆదా చేసుకునే డబ్బుకి బదులుగా నెత్తిన వేసుకునే బాధ్యత ఇదొక్కటే. దీన్ని సరిగ్గా చూసుకుంటే మిగతాదంతా తేలిక.

షిప్ సాయంత్రం 7 గంటలకి బయలుదేరుతుందనుకుందాం. అందరూ లోపల ఉండాల్సిన టైమ్ వేరే ఉంటుంది. ముందురోజు రాత్రి గదికి వచ్చే షీట్‌లో అది వేస్తారు, మామూలుగా అరగంట నుంచి గంట ముందు. 6:30 అనుకుంటే, నేను ఇంకో గంట చేతిలో ఉంచుకుని 5:30కల్లా షిప్ దగ్గర ఉండాలనుకుంటాను. స్టేషన్ నుంచి షిప్ దాకా నింపాదిగా ముప్పావుగంట. అంటే 4:45కి చివితావెక్కియా స్టేషన్‌లో దిగాలి. రోమ్‌లోని ఓస్తియెన్సె స్టేషన్ నుంచి మామూలు రైలుకి గంట పైన పడుతుంది కాబట్టి 3:30 ప్రాంతంలో బండెక్కాలి. ఆ బండి తప్పిపోయినా, రద్దయినా, సాధారణంగా అరగంటలో ఇంకొకటి ఉంటుంది. దాంట్లో వచ్చినా 6 గంటలకి షిప్ దగ్గరుంటాం. ఇలా ఎప్పుడూ ఒక బండి మిగులు ఉండేలా చూసుకుంటే రోజంతా టెన్షన్ ఉండదు.

బండ్ల వేళలు ఇటలీ రైల్వే వాళ్ళ ట్రెన్‌ఇటాలియా యాప్‌లో మీరు వెళ్ళే తారీఖు పెట్టి చూడండి. ఆదివారాలు, సెలవురోజుల్లో బండ్లు తక్కువ. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇటలీలో రైల్వే సమ్మెలు తరచూ జరుగుతుంటాయి. వాటిని "షోపెరో" అంటారు. అయితే ముందే తేదీ ప్రకటిస్తారు, కాబట్టి వెళ్ళే వారంలో ఒకసారి వెతికి చూసుకోవచ్చు. పనిదినాల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9 వరకూ, సాయంత్రం 6 నుంచి 9 వరకూ కొన్ని ప్రాంతీయ రైళ్ళు కచ్చితంగా నడపాలని నియమం ఉంది. వెళ్ళేటప్పుడు అది పనికొస్తుంది, తిరిగి రావడానికి మాత్రం చాలా షిప్పులకి సాయంత్రం 6 అంటే ఆలస్యమే. సమ్మె రోజు పడితే నేనైతే మారు మాట లేకుండా షిప్ వాళ్ళ బస్సుకే డబ్బు కడతాను.

వారంలో ఏ రోజు అన్నది కూడా చూసుకోండి. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు, నెలలో ఆఖరి ఆదివారం ఒక్కటి మినహాయింపు. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా వెళ్ళనివ్వరు. కొలోసియం లోపలికి వెళ్ళాలంటే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. ఒక్క రోజులో వాటికన్ మ్యూజియంలూ, కొలోసియం లోపలా రెండూ పెట్టుకోవద్దు. రెండింటికీ టైమ్ వేసి టికెట్లు ఇస్తారు, ఒకటి ఆలస్యమైతే రెండోది పోతుంది.

షిప్ నుంచి స్టేషన్ దాకా

రేవు చాలా పెద్దది. లారీలు తిరిగే ఆ దారుల్లో చాలాచోట్ల నడవనివ్వరు. షిప్ పక్కనుంచే షటిల్ బస్సులు ఉంటాయి, అవి లార్గో దెల్లా పాచె అనే చోట దింపుతాయి. మేం వెళ్ళినప్పుడు దానికి డబ్బు తీసుకోలేదు. అక్కణ్ణుంచి స్టేషన్‌కి వేరే బస్సు ఉంటుంది, దానికి టికెట్ కొనాలి. నడిస్తే అరగంట లోపే. అత్తయ్యగారూ నేనూ బస్సెక్కాం, తండ్రీకొడుకులు నడిచారు. స్టేషన్ దగ్గర పెద్ద తేడా లేకుండానే కలిశాం.

చిన్న షిప్పులైతే ఒక్కోసారి పాత రేవు వైపు, ఫోర్తె మికెలాంజెలో అనే కోట దగ్గర ఆగుతాయి. పోప్ రెండో జూలియస్ ఆజ్ఞ మీద 1508లో బ్రమాంతె మొదలుపెట్టిన కోట అది. దాన్ని గుర్తు పెట్టుకోండి, సాయంత్రం కూడా పనికొస్తుంది. కోట దగ్గర్నుంచి సముద్రాన్ని కుడి చేతి వైపు ఉంచుకుని వియాలె గరిబాల్ది వెంబడే తిన్నగా నడిస్తే పదిహేను నిమిషాల్లో ఎడమ వైపు స్టేషన్ వస్తుంది.

బస్సు దిగిన చోట "ఈరోజు రైళ్ళు సరిగ్గా లేవు, కారులో రండి" అని ఒకాయన మా వెంటపడ్డాడు. యాప్‌లో చూస్తే అన్ని బండ్లూ వేళకే ఉన్నాయి. ఇలాంటి మాటలకి వాదన పెట్టుకోకుండా నడుచుకుంటూ పోవడమే. స్టేషన్‌లో టికెట్ మెషిన్ దగ్గర అడక్కుండానే వచ్చి బటన్లు నొక్కిపెట్టే వాళ్ళు కూడా ఉంటారు. ఆ తర్వాత డబ్బులు అడుగుతారు.

టికెట్

బిర్గ్ అని ఒక రోజు టికెట్ ఉంది. చివితావెక్కియా నుంచి రోమ్‌కి ప్రాంతీయ రైళ్ళలో రానూపోనూ, రోమ్‌లో మెట్రో, బస్సు, ట్రామ్, అన్నిటికీ అర్ధరాత్రి దాకా ఆ ఒక్క కాగితమే. మేం కొన్నప్పుడు 12 యూరోలు. అప్పట్లో మామూలు సింగిల్ రైలు టికెట్ 4.60, రోమ్ సిటీ టికెట్ 1.50. అంటే రానూపోనూ రైలు 9.20, ఊళ్ళో రెండుసార్లు బస్సో మెట్రోనో ఎక్కితే ఇంకో 3.00, మొత్తం 12.20. ఊళ్ళో రెండుసార్లకి తగ్గకుండా ఎక్కేవాళ్ళకి బిర్గ్ మేలు. పూర్తిగా నడిచే తిరుగుతాం అనేవాళ్ళకి సింగిల్ టికెట్లే చవక. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆలోచించక్కర్లేదు, బిర్గ్ తీసుకోండి. రెండు స్టాపులే అయినా లెక్క చూసుకోకుండా బస్సెక్కొచ్చు.

బిర్గ్‌ని తబాక్కి కొట్లలో, అంటే సిగరెట్లు అమ్మే కొట్లలో అమ్ముతారు. ముదురు రంగు మీద తెల్లటి "టి" అక్షరం ఉన్న బోర్డు చూడండి, స్టేషన్ దగ్గర దొరుకుతుంది. టికెట్ చేతికొచ్చాక రెండు పనులుంటాయి. మొదటిది, పెన్నుతో మీ పేరు, పుట్టిన తేదీ దాని మీద రాయాలి. పెన్ను వెంట ఉంచుకోండి, కొట్టు ముందు ఒకే పెన్ను కోసం పదిమంది నిలబడి ఉంటారు. రెండోది, ప్లాట్‌ఫాం దగ్గర గోడకి బిగించిన చిన్న డబ్బాలాంటి మెషిన్‌లో స్టాంపు వేయించాలి. టికెట్‌ని చీలికలో పెట్టి, చప్పుడయ్యేదాకా లోపలికి నెట్టి పట్టుకోవాలి. తీసి చూస్తే అంచున తారీఖు, టైమ్ సన్నటి అక్షరాల్లో పడి ఉండాలి. పడకపోతే పక్క మెషిన్‌లో పెట్టండి. టికెట్ కొన్నా స్టాంపు లేకపోతే జరిమానా వేస్తారు. ఫోన్‌లో కొన్న ప్రాంతీయ టికెట్‌కైతే ఎక్కే ముందు యాప్‌లో చెక్-ఇన్ నొక్కాలి.

బిర్గ్ ప్రాంతీయ రైళ్ళకే చెల్లుతుంది. బోర్డులో "ఐసీ" అని కనిపించే ఇంటర్‌సిటీలకీ, క్రూజ్ ప్రయాణికుల కోసం నడిపే చివితావెక్కియా ఎక్స్‌ప్రెస్‌కీ చెల్లదు. ఎక్స్‌ప్రెస్‌కి ప్రత్యేకంగా వేరే టికెట్ ఉంటుంది. అది మధ్యలో ఆగకుండా పోతుంది కాబట్టి జనం ఎగబడతారు కానీ, ధర తేడా చూస్తే నాకు మామూలు బండే నయమనిపించింది. రోమ్ వెళ్ళేటప్పుడు మామూలు బండిలో కుడి వైపు కూర్చోండి. సాంతా మారినెల్లా, సాంతా సెవెరా మీదుగా చాలాసేపు సముద్రం కనిపిస్తుంది.

ఏ స్టేషన్‌లో దిగాలి

నేను ఈ ప్రయాణం గురించి ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే, టెర్మినీ దాకా వెళ్ళకండి. రోమ్ మెయిన్ స్టేషన్ అని అందరూ అక్కడే దిగుతారు. చివితావెక్కియా బండ్లు అక్కడ 25 దాటిన ప్లాట్‌ఫాంలకి వస్తాయి. అవి స్టేషన్‌కి చివర ఉంటాయి, మెట్రో దాకా నడవడానికే పది నిమిషాలు. అంతకుముందే వచ్చే మూడు స్టేషన్లు మనకి ఎంతో మేలు.

మొదటిది రోమా సాన్ పియెత్రో. వాటికన్‌కి ఇదే దారి. బండి దిగి నిలబడితే సెయింట్ పీటర్స్ గుమ్మటం కనిపిస్తుంది, చౌక్ దాకా పదిహేను నిమిషాల లోపు నడక. చర్చిలోకి వెళ్ళాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, మగవాళ్ళకైనా అంతే. సెక్యూరిటీ క్యూ పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది కాబట్టి పొద్దున ముందు ఇక్కడే దిగాలి.

రెండోది త్రాస్తెవెరె. అక్కణ్ణుంచి 8వ నంబరు ట్రామ్ నడిబొడ్డులోని పియాత్సా వెనేత్సియా అనే చౌక్‌కి పోతుంది. మూడోది ఓస్తియెన్సె. దీన్నుంచి సొరంగం దారిలో పిరమిదె మెట్రో స్టేషన్‌కి వెళ్ళొచ్చు. బి లైన్‌లో రెండో స్టాపే కొలోసియం. మెట్రో మెట్లు ఎక్కి బయటికి రాగానే ఎదురుగా అదే ఉంటుంది.

కాబట్టి పొద్దున సాన్ పియెత్రోలో దిగి, సాయంత్రం ఓస్తియెన్సెలో ఎక్కితే ఊరు ఒక కొస నుంచి ఇంకో కొసకి చూసినట్టవుతుంది, నడిచిన దారిలో వెనక్కి రానక్కర్లేదు. మేం చర్చి చూసుకుని, 64వ నంబరు బస్సులో కోర్సో విత్తోరియో అనే పెద్ద రోడ్డు మీద దిగి, పియాత్సా నవోనా చౌక్, పాంథియన్ అనే పాత రోమన్ గుడి, త్రేవి ఫౌంటెన్ నడిచి చూశాం. ఇవి మూడూ ఒకదానికొకటి దగ్గరే, చదును నేలే. రాళ్ళు పరిచిన వీధులు కాబట్టి చెప్పులు మాత్రం మెత్తనివి ఉండాలి. పాంథియన్‌కి 2023 నుంచి టికెట్ పెట్టారు. వీధుల్లో నాసోనీ అనే ఇనుప కుళాయిలు రోజంతా నీళ్ళు వదులుతుంటాయి, అవి తాగే నీళ్ళే. సీసా నింపుకోండి. 64వ నంబరు బస్సులో, మెట్రోలో జేబుదొంగల బెడద ఉంది. ఫోన్, పర్సు వెనక జేబులో పెట్టకండి.

తిరిగి వచ్చేటప్పుడు బోర్డు

ఓస్తియెన్సెలో బోర్డు మీద "చివితావెక్కియా" అన్న పేరే వెతికితే చేతిలో ఉన్న బండి పోగొట్టుకుంటారు. బోర్డు మీద బండి ఆఖరి స్టేషన్ పేరే పెద్దగా ఉంటుంది. పీసా చెంత్రాలె, గ్రోస్సెతో అని ఉన్న బండ్లు కూడా చివితావెక్కియా మీదుగానే పోతాయి. వితెర్బో, ఫ్యూమిచీనో అని ఉన్నవి పోవు. వితెర్బో బండి సాన్ పియెత్రో దాకా మన దారిలోనే వచ్చి తర్వాత వేరే వైపు తిరుగుతుంది, కాబట్టి దాంట్లో కూర్చుంటే మొదట్లో తేడా తెలియదు. యాప్‌లో మీ బండి నంబరు చూసుకుని బోర్డులో నంబరుతో సరిపోల్చండి. "బినారియో" అంటే ప్లాట్‌ఫాం. "రితార్దో" కింద అంకె ఉంటే అన్ని నిమిషాలు లేటు. ప్లాట్‌ఫాం ఆఖరి నిమిషంలో మారుతుంటుంది. అత్తయ్యగారిని బెంచీ మీద కూర్చోబెట్టేముందు నేను బోర్డు రెండోసారి చూసి వచ్చాను.

ఒకవేళ ఎంత చూసుకున్నా ఆలస్యమైపోతే, ముందే ఫోన్ చేయండి. రోజువారీ షీట్ అడుగున పోర్ట్ ఏజెంట్ నంబరు ఉంటుంది. పొద్దున దిగేముందు దాన్ని ఫోటో తీసుకుని, కాగితం మీద కూడా రాసుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. షిప్ వెళ్ళిపోతే తర్వాతి రేవు దాకా మన ఖర్చుతో మనమే వెళ్ళాలి. దానికి పాస్‌పోర్ట్ కావాలి. కొన్ని షిప్పుల్లో పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు. అలాంటప్పుడు దిగేముందు రిసెప్షన్‌లో అడిగి, కనీసం ఫోటో పేజీ, వీసా పేజీ జిరాక్స్‌లు వెంట పెట్టుకోండి. షిప్ కార్డుతో పాటు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు కూడా, రేవు గేటు దగ్గర అడగొచ్చు.