పార్టీలకు డబ్బిచ్చింది ఎవరు: ఆరా తీసే పద్ధతి

దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే వీలు కల్పించిన ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న తేల్చిచెప్పింది. గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు పార్టీలకు విరాళం ఇవ్వరాదన్న పరిమితిని 2017లో ఎత్తివేయడం కూడా చెల్లదని అదే తీర్పు ప్రకటించింది. అయితే బయటపెట్టిన వివరాలను ఓపికగా చదివే పౌరులు లేకపోతే ఆ తీర్పు కాగితానికే పరిమితమవుతుంది.

విరాళాల జాబితాతో కాకుండా ఒక ప్రభుత్వ నిర్ణయంతో మొదలుపెట్టండి. దేనికోసం వెతుకుతున్నామో తెలియకుండా వేల పేర్ల మధ్యకు వెళితే ఏదీ తేలదు. ఒక కంపెనీకి భూమి కేటాయించిన జీవోను తీసుకుని, దాని తేదీని, లబ్ధి పొందిన కంపెనీ పూర్తి పేరును రాసుకోండి. అది ఎప్పుడు నమోదైందో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ అసలు విరాళమే ఇవ్వకూడదు. విరాళం మరో పేరుతో వెళ్లి ఉండవచ్చు కనుక మాతృసంస్థ, అనుబంధ సంస్థల పేర్లనూ జాబితాలో చేర్చుకోండి.

ఆ పేర్లను ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోని పార్టీల వార్షిక విరాళాల నివేదికల్లో వెతకాలి. 20,000 రూపాయలు దాటిన ప్రతి విరాళానికీ దాత పేరు, చిరునామా, ఇచ్చిన సొమ్ము ఎంతో అక్కడ ఉండాలి. దాతగా ఎలక్టోరల్ ట్రస్టు (కంపెనీల వంటి దాతల నుంచి సొమ్ము తీసుకుని పార్టీలకు పంచే సంస్థ) కనిపిస్తే అక్కడితో ఆగకుండా, ఆ ట్రస్టుకు సొమ్ము ఎవరిచ్చారో దాని సొంత నివేదికలో చూడండి, ఎందుకంటే అసలు దాత పేరు దొరికేది అక్కడే. సుప్రీంకోర్టు ఆదేశంతో వివరాలు బయటికొచ్చిన 2019 ఏప్రిల్ 12 తర్వాతి బాండ్లకైతే, కొన్నవారి జాబితాలోని బాండు సంఖ్యను పార్టీలు సొమ్ము చేసుకున్న జాబితాలోని సంఖ్యతో సరిపోల్చితే ఏ కంపెనీ సొమ్ము ఏ పార్టీకి చేరిందో తెలుస్తుంది. కంపెనీ లాభనష్టాల ఖాతాలో కూడా రాజకీయ విరాళాలను చూపాలి. రెండు చోట్లా అంకెలు కలవకపోతే ఆ తేడాను ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి.

అభ్యర్థి ఎన్నికల ఖర్చు లెక్కలను జిల్లా ఎన్నికల అధికారి కార్యాలయంలో నామమాత్రపు రుసుముతో ఎవరైనా పరిశీలించవచ్చు. ఈ హక్కును వాడుకునేవారు మరింతమంది కావాలి.

విరాళం తేదీ, జీవో తేదీ దగ్గర దగ్గరగా ఉన్నంత మాత్రాన అది లంచమని రాయకండి. అది నిరూపణ కాదు, ప్రశ్న అడగడానికి తగిన కారణం మాత్రమే. ఆ ప్రశ్నను సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖకు పంపండి. ఎందుకు కేటాయించారని అడిగే బదులు, ఫలానా జీవోకు సంబంధించిన నోట్‌ఫైల్ (నిర్ణయానికి ముందు అధికారులు రాసిన అభిప్రాయాల ఫైలు) ప్రతులు, ఇతర దరఖాస్తుదారుల జాబితా ఇవ్వమని అడిగితే తప్పించుకునే వీలు తగ్గుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.