కాపియర్‌తో కొత్త పైథాన్ ప్రాజెక్టు మొదలుపెట్టడం ఎలా?

కొత్త ప్రాజెక్టు అనగానే చాలామంది పాత ఫోల్డర్‌ని కాపీ కొట్టి పేర్లు మారుస్తారు. ప్రాజెక్టు పేరు, సెట్టింగులు ఉండే పైప్రాజెక్ట్ ఫైల్లో ఎక్కడో పాత పేరు మిగిలిపోతుంది, పాస్‌వర్డులున్న ఫైలు కూడా వెంట వచ్చేస్తుంది. ఆ పని టెంప్లేట్‌కి, అంటే ఖాళీలు నింపితే కొత్త ప్రాజెక్టు తయారయ్యే నమూనాకి, అప్పగించడం మేలు. ఇలా టెంప్లేట్ నుంచి ప్రాజెక్టు తయారుచేసే కుకీకట్టర్ 2013 నుంచీ ఉంది, మంచి టూలే. అయితే ప్రాజెక్టు తయారయ్యాక టెంప్లేట్‌లో చేసిన మార్పులు ఆ ప్రాజెక్టులోకి రావాలంటే దానికి వేరే టూల్ తోడు కావాలి. అలాంటి టూలే అయిన కాపియర్‌లో ఆ సదుపాయం లోపలే ఉంది. అందుకే దాన్ని తీసుకుందాం.

కాపియర్‌ని ప్రాజెక్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఆ ప్రాజెక్టు లైబ్రరీల కోసం విడిగా ఉండే చోటు) పెట్టకండి. దాని లైబ్రరీలు మీ ప్రాజెక్టువాటితో కలిసిపోతాయి. టెర్మినల్లో ‘యూవీ టూల్ ఇన్‌స్టాల్ కాపియర్’ అని గానీ, ‘పిప్ఎక్స్ ఇన్‌స్టాల్ కాపియర్’ అని గానీ కొడితే విడిగా ఉంటుంది. ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే గిట్ 2.27 గానీ, ఆపైది గానీ ఉండాలి.

టెంప్లేట్ అంటే ఒక గిట్ రిపో, అంటే గిట్ చూసుకునే ఫోల్డర్. దాని మొదట్లోనే కాపియర్ డాట్ వైఎమ్ఎల్ అనే ఫైలు ఉంటుంది. ప్రాజెక్టు పేరు, ప్యాకేజీ పేరు, పైథాన్ వెర్షన్ లాంటి ప్రశ్నలు అందులో రాయాలి. అసలు ఫైళ్లన్నీ ఒక లోపలి ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ పేరు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే సబ్‌డైరెక్టరీ సెట్టింగులో ఇవ్వండి. లేకపోతే టెంప్లేట్ సొంత రీడ్‌మీ కొత్త ప్రాజెక్టులోకి వచ్చి పడుతుంది.

పైథాన్ వెర్షన్ దగ్గర జాగ్రత్త. డిఫాల్ట్‌గా 3.10 అని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే, ఆ ఫైలు ఫార్మాట్ అయిన వైఎమ్ఎల్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుని 3.1 చేసేస్తుంది. "3.10" అని కొటేషన్ గుర్తుల్లోనే రాయండి. ప్యాకేజీ పేరుకి వాలిడేటర్ (జవాబు సరైందో కాదో చూసే నియమం) పెట్టి, ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఒప్పుకునేలా చూడండి. పేరు తెలుగు లిపిలో ఇస్తే పైథాన్ ఒప్పుకుంటుంది కానీ పైథాన్ ప్యాకేజీలు పంచుకునే సైటు పైపీఐ ఒప్పుకోదు.

పేరు చివర డాట్ జింజా ఉన్న ఫైళ్లలోనే కాపియర్ జవాబుల్ని నింపుతుంది, మిగతావి ఉన్నవున్నట్టు కాపీ అవుతాయి. టెస్టుల్లాంటివి వాటంతటవే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ ఫైళ్లలోనూ, కాపియర్ ఖాళీలు నింపడానికి వాడే జింజాలో లాగే జంట ఫ్లవర్ బ్రాకెట్లు వాడతారు. కాబట్టి వాటికి డాట్ జింజా తగిలించకండి, తగిలిస్తే ఆ బ్రాకెట్లను జింజా తనవే అనుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది జవాబుల ఫైలు. డాట్‌తో మొదలై ‘కాపియర్ ఆన్సర్స్’ అనే పేరుతో ఉండే ఈ ఫైలు దానంతట అది పుట్టదు. దాని నమూనాని టెంప్లేట్‌లో మీరే పెట్టాలి. ఏ టెంప్లేట్, ఏ వెర్షన్, ఏ జవాబులు అన్నది అందులో నమోదవుతుంది. అది లేని ప్రాజెక్టుని తర్వాత అప్‌డేట్ చేయలేరు.

ఇక ‘కాపియర్ కాపీ’ అని కొట్టి, టెంప్లేట్ గిట్ చిరునామా, కొత్త ఫోల్డర్ పేరు ఇవ్వండి. మీ ల్యాప్‌టాప్‌లోని దారి ఇస్తే అదే జవాబుల ఫైల్లోకి ఎక్కుతుంది. అప్పుడు టీమ్‌లో ఇంకెవరి దగ్గరా అప్‌డేట్ నడవదు. టెంప్లేట్‌లో టాస్కులు (ప్రాజెక్టు తయారుచేసేటప్పుడు నడిచే కమాండ్లు) ఉంటే ‘ట్రస్ట్’ ఆప్షన్ అడుగుతుంది. ఆ కమాండ్లు మీ మెషీన్ మీదే నడుస్తాయి, కాబట్టి ఏమున్నాయో చదివాకే ఇవ్వండి. ప్రాజెక్టు తయారయ్యాక గిట్ ఇనిట్, వెంటనే మొదటి కమిట్ (మార్పుల్ని గిట్‌లో నమోదు చేయడం), ఆపైన టెస్టులు. ఖాళీ ప్రాజెక్టులోనే టెస్టు ఫెయిలయితే సరిచేయాల్సింది టెంప్లేట్‌ని.

టెంప్లేట్ మార్చి కమిట్ చేశాక కూడా పాతదే వస్తోందా? ట్యాగ్ (ఒక వెర్షన్‌కి గిట్‌లో పెట్టే పేరు) వేసి ఉండరు. రిపోలో ట్యాగులుంటే కాపియర్ అన్నిటికన్నా కొత్త ట్యాగునే తీసుకుంటుంది. పరీక్ష కోసమైతే ‘వీసీఎస్ రెఫ్’ ఆప్షన్‌లో హెడ్ (చివరి కమిట్) ఇవ్వండి.

తర్వాత అప్‌డేట్ చేసేముందు ప్రాజెక్టులో కమిట్ కాని మార్పులేవీ ఉండకూడదు. ‘కాపియర్ అప్‌డేట్’ పాత వెర్షన్‌నీ పాత జవాబులనీ కలిపి ప్రాజెక్టుని మళ్లీ తయారుచేసి, దానికీ ఇప్పుడున్నదానికీ తేడా చూసి, ఆ తేడాని కొత్త వెర్షన్ మీద వేస్తుంది. కుదరని చోట గిట్ మెర్జ్‌లో లాంటి గుర్తులే కనిపిస్తాయి. జవాబుల ఫైలుని చేత్తో దిద్దితే ఈ లెక్క మొత్తం తప్పుతుంది. జవాబు మార్చాలనుకుంటే అప్‌డేట్ నడిపి, ప్రశ్న వచ్చినప్పుడు కొత్తది ఇవ్వండి.