స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌కి రీసెర్చ్ ఎలా చేయాలి?

షార్ట్ ఫిల్మ్ అనుకోగానే చాలామంది కెమెరా రివ్యూలు చూడటం మొదలుపెడతారు. కెమెరా సంగతి తర్వాత, ఫోన్ అయినా సరిపోతుంది. ముందు వెతకాల్సింది కథలోని మనిషిని. గోదావరి జిల్లాల్లో చదువుకుంటున్న వాళ్లకి అలాంటి మనుషులు ఊళ్లోనే ఉంటారు.

మొదట ఒక పనిని ఎంచుకోండి. ఉదాహరణకి, అంబాజీపేట వైపు కొబ్బరి వలుపు. ఫోన్ జేబులోనే ఉంచి ఒక పూట అక్కడ కూర్చోండి. నేలలో పాతిన గునపానికి కాయని ఏ వైపు నుంచి గుచ్చుతున్నారు, ఊడిన డొక్క (పైపీచు) ఎటు విసురుతున్నారు, మధ్యలో ఎప్పుడు ఆగుతున్నారు, అన్నీ గమనించండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరికైనా మాట రాదు. "కాయ చిన్నదైపోయిందేంటి బాబాయ్?" అని అడగండి, కబుర్లు వాటంతటవే వస్తాయి. ఆ మాటల్ని ఉన్నదున్నట్టు రాసుకోండి. మీ డైలాగులకి అంతకన్నా మంచి సరుకు ఎక్కడా దొరకదు.

తర్వాత చదవండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్తే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు అడగండి. సంభాషణతోనే కథ నడపడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. శ్రీపాద 1961లో పోయారు కాబట్టి ఆయన కథని సినిమాగా తీసుకోవచ్చు. ఈనాటి రచయిత కథ అయితే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సిందే.

ఇక చూడటం. పది నిమిషాల్లోపు సినిమా ఒక్కటి చాలు. ఒకసారి మామూలుగా, ఒకసారి మ్యూట్‌లో చూడండి, ఒకసారి కళ్లు మూసుకుని వినండి. షాట్ మారిన ప్రతిసారీ కొత్తగా ఏం తెలిసిందో రాయండి.

సీనియర్లని సలహా అడిగేటప్పుడు ప్రశ్న సూటిగా ఉండాలి. "రేవులో పంటు (ఏరు దాటించే పడవ) ఇంజిన్ హోరు మధ్య ఇద్దరి మాటలు ఎలా రికార్డు చేయాలి?" అంటే పనికొచ్చే జవాబు వస్తుంది: మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవాలి, ఇంజిన్ చప్పుడు విడిగా రికార్డు చేసుకోవాలి.

స్క్రిప్టు పేజీకి సుమారు నిమిషం లెక్కన రాసి, ఆ వలుపు బాబాయ్‌కే చదివి వినిపించండి. "మేం ఇలా అనం" అన్నచోటల్లా మార్చేయండి.

షూటింగ్ తేదీలు మాత్రం కాలువ నీళ్లు చూసుకునే లస్కర్‌ని అడిగాకే పెట్టుకోండి. దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు. వరదల రోజుల్లో గోదావరి ఎర్రగా మారుతుంది. ఒకే సీన్‌ని సగం మేలో, సగం ఆగస్టులో తీస్తే రెండూ అతకవు.