జీలకర్ర చేదెక్కినా, వాసన రాకపోయినా

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలో సగం ఇళ్ళలో జీలకర్ర, సగం ఇళ్ళలో జీరా. గింజ అదే, తిప్పలూ అవే.

పోపు చేదుగా ఉందా? ఆవాలూ జీలకర్రా ఒకేసారి నూనెలో పోసి ఉంటారు. ఆవాలు చిట్లేలోపు జీలకర్ర మాడిపోతుంది. ఆవాలు చిటపటలాడాక మంట తగ్గించి జీలకర్ర వేయండి. పది సెకన్లలో రంగు మారుతుంది, వెంటనే ఉల్లిపాయో కరివేపాకో పడాలి. మాడిన పోపును మాత్రం ‘ఏం కాదులే’ అని పప్పులో కలపకండి. చెంచాడు నూనె పోతే పోయింది.

దాల్మాకి, అంటే కూరగాయలు వేసిన పప్పుకి, ఒడియా వాళ్ళింట్లో వచ్చే వాసన మనింట్లో రావట్లేదా? ఈ తప్పు నేను చాలా ఏళ్ళు చేశాను. జీలకర్ర పొడిని చారుపొడిలా మరుగుతుండగానే వేసేదాన్ని, ఉన్న వాసనంతా ఆవిరితో పోయేది. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) చేస్తుంటే నిలబడి చూశాక తెలిసింది. జీలకర్ర, ఎండుమిర్చి నూనె లేకుండా సన్నసెగన వేయిస్తుంది. గింజ కాఫీ రంగుకి తిరగ్గానే పళ్ళెంలోకి ఒంపేస్తుంది. మూకుట్లో వదిలేస్తే స్టవ్ కట్టేసినా ఆ వేడికే మాడుతుంది మరి. చల్లారాక కచ్చాపచ్చాగా దంచి, దాల్మా దించాక పైన చల్లి మూత పెడుతుంది. అదే జీరా-లంకా గుండ. లంకా అంటే మిరపకాయే. దహీబరా (పెరుగువడ) మీదైనా ఇది చివర్లో చల్లేదే.

పిల్లలు ఫోన్ చూసి అమెరికాలో టెక్సస్ వాళ్ళ చిల్లీ అనే కారం కూర అని రాజ్మాతో చేస్తే పచ్చివాసన కొట్టిందా? అందులో పడేది వేయించని జీలకర్ర పొడి. దాన్ని నీళ్ళలో కలిపితే అంతే. ఉల్లిపాయలు మగ్గాక ఆ నూనెలో అర నిమిషం వేగనిచ్చి, తరవాత టమాటా వేయాలి. చైనాలో షిన్‌జియాంగ్ వాళ్ళ మటన్ సీకులకి టెన్షన్ వేరు: ముందే దట్టంగా పట్టించిన పొడి నిప్పుల మీద మాడుతుంది. మాంసం కాలవచ్చి కొవ్వు కారుతున్నప్పుడు కారంతో కలిపి చల్లండి, అంటుకుంటుంది.

జర్మన్ వంటలో రుచి తేడా కొడితే తప్పు మీది కాదు, పేరుది. వాళ్ళ క్యూమెల్ మన జీలకర్ర కాదు, కారవే అనే వేరే గింజ. మన సామాన్లలో దానికి దగ్గరది షాజీర.

ఇవన్నీ సరిగ్గా చేసినా వాసన లేదంటే సరుకు పాతది. కొట్లోనే నాలుగు గింజలు అరచేతిలో నలిపి చూడండి. ముక్కుకి ఆనించుకుంటే గానీ తెలియని జీలకర్ర ఎంత చవకగా ఇచ్చినా వద్దు.